సవరణకు చోటు లేక కాదు

చట్టసభల్లో సవరణల చరిత్రను ప్రతిపక్షాల అల్లరికీ, దానికి పడిన అడ్డుకట్టలకూ కుదించి చెప్పడం మామూలైపోయింది. 1881లో ఐరిష్ సభ్యులు బ్రిటిష్ కామన్స్ సభను 40 గంటలకు పైగా సాగదీస్తే స్పీకర్ చర్చ ఆపించారు. 1887లో చర్చకు గడువు పెట్టి ముగించే గిలెటిన్ వచ్చింది. ఆ పద్ధతులే మనకూ సంక్రమించాయి. ఇది అబద్ధం కాదు గానీ, మన దగ్గర సవరణ నీరసించడానికి ఈ కారణం చాలదు.

రాజ్యాంగ సభకు 7,635 సవరణలు అందితే 2,473 ప్రతిపాదనకు వచ్చాయి. సవరణల మీద సవరణలు తెచ్చిన కామత్ లాంటి సభ్యులను అంబేడ్కర్ చివరి ప్రసంగంలో మెచ్చుకున్నారే తప్ప విసుక్కోలేదు. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ బిల్లు బొంబాయిని మూడు ముక్కలు చేయబోతే, లోక్‌సభ సవరణతో ద్విభాషా రాష్ట్రం చేసింది. అక్కడి శాసనసభను మళ్లీ అడగలేదన్న అభ్యంతరాన్ని బాబూలాల్ పరాటే కేసులో సుప్రీంకోర్టు 1959లో తోసిపుచ్చింది.

అంత వెసులుబాటు ఉండగా 2014లో ఏమైంది? ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు ఫిబ్రవరి 18న లోక్‌సభలో మూజువాణి ఓటుతో గట్టెక్కింది. గొడవ నిజమే, అయిదు రోజుల ముందు సభలో పెప్పర్ స్ప్రే కూడా చల్లారు. కానీ 20న రాజ్యసభలో జరిగినదానికి గొడవను సాకుగా చూపలేం. ప్రతిపక్ష బీజేపీ నేత వెంకయ్యనాయుడు సవరణలకు పట్టుబట్టారు. రెండు సభలూ ఒకే రూపాన్ని ఆమోదించాలి కనుక ఒక్కటి నెగ్గినా బిల్లు లోక్‌సభకు తిరిగి వెళ్లాలి. ఆ లోక్‌సభ ఆఖరి సమావేశాలు మర్నాడే ముగిశాయి. తెలంగాణ కోసం ఏళ్లుగా ఎదురుచూసినవారికి ఆ జాప్యం అంటే బిల్లు చచ్చినట్టే. వారి భయం సబబే. అయితే ఆ ఇరుకులో ఆంధ్రప్రదేశ్‌కు అయిదేళ్ల ప్రత్యేక హోదా బిల్లులోకి ఎక్కకుండా ప్రధాని మన్మోహన్ సింగ్ హామీగానే మిగిలింది. హోదాకు చట్టం అక్కర్లేదనీ, ఇదివరకు జాతీయాభివృద్ధి మండలి నిర్ణయాలతోనే వచ్చిందనీ అంటారు. నిజమే. కానీ సెక్షన్‌గా ఉండి ఉంటే తర్వాతి ప్రభుత్వం దాన్ని పక్కనపెట్టడానికి సభ ముందుకు రావలసి వచ్చేది. అడ్డుపడింది అల్లరి కన్నా క్యాలెండర్ అని నా అభిప్రాయం. ఆ క్యాలెండర్ ప్రభుత్వం చేతిలోదే.

ఇప్పటి తీరు మరీ అన్యాయం. 2018లో ఆర్థిక బిల్లు ప్రభుత్వ సవరణలు 21తో కలిసి లోక్‌సభలో చర్చ లేకుండానే నెగ్గింది. 2020 సెప్టెంబరు 20న వ్యవసాయ బిల్లులపై ప్రతిపక్ష సవరణలకు రాజ్యసభలో డివిజన్ (ఓట్ల లెక్కింపు) కూడా దక్కలేదు. అడిగినవారు తమ సీట్లలో లేరన్నది సంజాయిషీ. ఓట్లు లెక్కిస్తే ఎవరు గెలిచేవారన్నది వేరే సంగతి. ఎవరు ఎటువైపో రికార్డుల్లో లేదు.