ఒకే బొమ్మ, రెండు గొంతులు

సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక బడులు ఏడు మాధ్యమాల్లో నడుస్తాయి. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిష్‌లతో పాటు తెలుగూ ఉంది. మరమగ్గాల పనికని తెలంగాణ నుంచి తరలివచ్చి లింబాయత్ వైపు స్థిరపడ్డ పద్మశాలీల పిల్లలు చదివేది అక్కడే. వాళ్లలో ఒకరికి గ్రహణం ఎందుకు పడుతుందో చూడాలనిపిస్తే ఫోన్‌లో వీడియోలకు కొదవలేదు. తెలుగులో చెప్పేవాళ్లు దొరకడమే చిక్కు. ఇది యూట్యూబ్‌తో వచ్చిన చిక్కేమీ కాదు. దానికి తొలి పరిష్కారం దొరికింది ఆ గుజరాత్ నేల మీదే.

1975 ఆగస్టు 1న ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు చూపించే ఇస్రో ‘సైట్’ ప్రయోగం మొదలైంది. నాసా నుంచి ఏడాదికి అరువు తెచ్చుకున్న ఏటీఎస్-6 ఉపగ్రహం, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలు. అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇది విక్రమ్ సారాభాయ్ కల. చూడకుండానే 1971లో పోయారాయన. అహ్మదాబాద్ భూకేంద్రం నుంచి ప్రసారం పైకి వెళ్లేది. పల్లెలో దాన్ని పట్టుకునే గొడుగును కోళ్లగూళ్లకు కొట్టే ఇనుప జాలీతో చేశారు, మూడు మీటర్ల వెడల్పున. పొద్దున బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు సేద్యం, ఆరోగ్యం.

అసలు తెలివి శబ్దంలో ఉంది. బొమ్మకు ఒకటే మార్గం, మాటకు రెండు. ఒకే దృశ్యం నడుస్తుంటే మన పల్లెలో తెలుగు వినిపించేది, అవతలి కర్ణాటక పల్లెలో కన్నడం. యూట్యూబ్ ఒకే వీడియోకు పలు భాషల ఆడియో జతచేసే వీలు కల్పించింది 2023లో!

1976 జులై 31తో గడువు తీరింది, ఉపగ్రహం వెళ్లిపోయింది. గుజరాత్‌లోనే ఖేడా జిల్లా పిజ్‌లో చిన్న ట్రాన్స్‌మిటర్ మాత్రం ఊరివాళ్ల యాసలోనే కార్యక్రమాలు చూపిస్తూ ఇంకొన్నేళ్లు నడిచింది. 1984లో యూజీసీ తరగతి గది దూరదర్శన్‌కెక్కింది. 2003లో ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి ఎన్‌పీటెల్ అనే వీడియో పాఠాల కార్యక్రమం మొదలుపెట్టాయి. ఆ తర్వాతిదంతా ఇంటర్నెట్ కథే.

మరి ఇప్పుడేం చూడాలి? బడి పాఠాలకు తెలంగాణ ప్రభుత్వ టీ-శాట్ విద్య ఛానెల్. ఎన్‌పీటెల్ గట్టి సరుకే గానీ ఇంజనీరింగ్ చదివేవాళ్లకు. ఆసక్తి కొద్దీ చూద్దామనుకున్నవాళ్లు మొదటి గంటలోనే పారిపోతారు. నన్నడిగితే ముందు అరవింద్ గుప్తా బొమ్మల వీడియోలు. మాటలు తక్కువ, చేతిపని ఎక్కువ, కాబట్టి భాష అడ్డం రాదు. సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలు కలిపి త్రిభుజం, చతురస్రం చేయిస్తారు. నొక్కితే చతురస్రం పక్కకు వాలిపోతుంది, త్రిభుజం కదలదు. వంతెనలకూ కరెంటు టవర్లకూ అన్ని త్రిభుజాలెందుకో పిల్లలకు అప్పుడు వేరే చెప్పక్కర్లేదు.