ఫార్ యూవీసీ కాంతి

గదిలోని గాలిలో తేలే వైరస్‌లను, బ్యాక్టీరియాను నిర్వీర్యం చేసే అతినీలలోహిత కాంతి. దీని తరంగదైర్ఘ్యం సుమారు 200–235 నానోమీటర్లు. క్రిప్టాన్ క్లోరైడ్ దీపాలు ఈ కాంతిని ప్రధానంగా 222 నానోమీటర్ల వద్ద వెలువరిస్తాయి.

2020లో కోవిడ్ వేళ హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల రీసెర్చ్ సెంటర్ ఇమారత్, సెల్‌ఫోన్లను, కాగితాలను శుద్ధి చేసే యూవీ పెట్టెను రూపొందించింది. ఆ శుద్ధి మూసిన పెట్టెలోనే జరగాలి. సాధారణ యూవీసీ దీపాల 254 నానోమీటర్ల కాంతి నేరుగా పడితే కళ్లు మండుతాయి, చర్మం కందిపోతుంది. మనుషులు కూర్చున్న గదిలో దాన్ని నేరుగా వారిపై పడేలా వాడలేం.

ఫార్ యూవీసీ మీద ఆశ పుట్టింది ఇక్కడే. 222 నానోమీటర్ల కాంతిని ప్రొటీన్లు గట్టిగా పీల్చుకుంటాయి. అందువల్ల అది చర్మంపై మృతకణాల పొరను, కంటిమీది కన్నీటి పొరను దాటి లోపలికి పెద్దగా పోలేదు. అతి సూక్ష్మమైన క్రిములకు మాత్రం అలాంటి కవచం లేదు.

2022లో బ్రిటన్ పరిశోధకులు, కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ బ్రెన్నర్ బృందం కలిసి గది పరిమాణంలో ప్రయోగం చేశారు. గాలిలోకి నిరంతరం వదిలిన స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా ఐదు నిమిషాల్లోపే 98 శాతం తగ్గింది. గొప్ప ఫలితమే. అయితే అది ప్రయోగశాల గది. బడిలో, ఆసుపత్రిలో జబ్బులు అంతగా తగ్గుతాయని దానితోనే తేల్చలేం.

ఈ దీపాలు కొంత ఓజోన్‌ను పుట్టిస్తాయి. కాబట్టి గదికి గాలి ప్రసారం తప్పనిసరి. హానికరమైన ఇతర తరంగాలను ఆపే ఫిల్టర్ కూడా దీపానికి ఉండాలి.