విద్యుత్ పేటిక మీది పలక



నేడు నేను ప్రసంగింపబోవు విషయము చూపునకు మిక్కిలి చిన్నది. హైదరాబాదు నగరమునకు వాయవ్య దిశయందు బాలానగర్ అను పారిశ్రామిక వాడ కలదు. అందలి ప్రతి కర్మాగారమునను గోడవార నొక ఇనుప బీరువా నిలిచియుండును. బయటినుండి వచ్చు విద్యుత్తు ముందుగా ఆ బీరువాలో ప్రవేశించి, అచ్చటినుండి లేతులకును, ప్రెస్సులకును, కొలుములకును పంపకమగును. దానిని అచ్చటివారు ప్యానెల్ బోర్డు అందురు. దాని తలుపుమీద అరచేయి యంత లోహపు పలక యొకటి బిగింపబడి యుండును. ఆ పలక చరిత్రయే నేటి నా ప్రసంగ విషయము. మన గ్రామముల బిడ్డలు అనేకులు ఐ.టి.ఐ. చదువు ముగించి, ఇట్టి బీరువాల యెదుట నిలిచి జీవనము చేయుచున్నారు. కావున ఆ పలక నిజము పలుకుచున్నదా లేదా యను ప్రశ్న పట్టణమునకు మాత్రమే చెందినది కాదు.

పలకమీద నుండదగిన అంకెలు ముఖ్యముగా రెండు. ఆ పేటిక నిత్యము ఎంత ప్రవాహమును మోయగలదో మొదటి అంకె చెప్పును. ఆపత్కాలమున ఎంత ప్రవాహమును తాళగలదో రెండవది చెప్పును. ఈ రెండింటి భేదమును చెరువు క్రింద వ్యవసాయము చేసినవారికి వేరుగ బోధింప నక్కరలేదు. తూము గుండ పారు నీరు ఒక లెక్క. కట్టకు గండిపడినపుడు దూకు నీరు వేరొక లెక్క. తూము నీటికి పొలముల అవసరము హద్దు. గండి నీటికి చెరువులోని నిలువయే హద్దు. విద్యుత్తు నందును ఇంతియే. మోటారు తిరుగుచున్నంతసేపు తనకు వలసిన ప్రవాహమునే తీసికొనును. తీగల తొడుగులు చెడి అవి ఒకదానినొకటి తాకినను, పనివాడు మరచిపోయిన స్పానరు రెండు కడ్డీలమధ్య పడినను, ప్రవాహము మోటారు జోలికి పోక దగ్గరి దారి పట్టును. దీనినే షార్టు సర్క్యూటు అందురు. అపుడు పారు ప్రవాహము ఎంతయన్నది వెనుకనున్న ట్రాన్స్‌ఫార్మరు శక్తినిబట్టియు, నడుమనున్న తీగల పొడవునుబట్టియు ఉండును గాని, మోటారునుబట్టి యుండదు.

ఈ భేదమును హైదరాబాదు నగరము మొదట నీటివలననే నేర్చుకొన్నది. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనదికి వచ్చిన వరదలో వేలకొలది ప్రజలు మృతిచెందిరి. నది నిత్యము పారు తీరు చూచి ఒడ్డున ఇండ్లు కట్టుకొన్నవారు, అది పొంగినపుడు ఎంత పారునో లెక్కింపలేదు. పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించి, వరదను ఆపుటకు జలాశయములు కట్టు ఉపాయము చేసిరి. 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తియైనవి. ఆ 1920వ సంవత్సరముననే హుసేన్ సాగరు ఒడ్డున విద్యుత్ కేంద్రము పనిచేయ నారంభించెను. నగరము నీటి విషయమున వరదను లెక్కించుట అప్పటికే నేర్చినది. విద్యుత్తు విషయమున ఆ లెక్క ప్రపంచమునకే ఇంకను పూర్తిగా తెలిసియుండలేదు.

తొలినాళ్లలో విద్యుత్తునకు కావలి కాచినది ఫ్యూజు తీగ. 1880లో ఎడిసను అమెరికాలో దానికి పేటెంటు పొందెను. ప్రవాహము మితిమీరినపుడు సన్నని తీగ కరగి తెగిపోయి, తక్కిన తీగలను కాపాడును. కేంద్రములు చిన్నవిగా నున్నంతకాలము ఇది చాలెను. కేంద్రములు పెద్దవై, ఒకదానితో నొకటి కలిసిన కొలదియు, కావలివాడే గండిలో కొట్టుకొనిపోవు స్థితి యేర్పడెను. ప్రవాహమును ఆపవలసిన స్విచ్చి, ఆపుటకు బూనుకొనిన క్షణముననే పగిలిపోవుచుండెను. స్విచ్చి ఎంత ప్రవాహమును తెంపగలదో ఊహించుట చాలదు, పరీక్షించి చూడవలెనని ఇంజనీర్లు గ్రహించిరి. ఇంగ్లండునందలి హెబ్బర్న్ పట్టణమున రేరోల్ కంపెనీవారు 1929లో కోరి షార్టు సర్క్యూటు కల్పించి పరీక్షించు కేంద్రమును నెలకొల్పిరి. మన దేశమున 1960లో బెంగుళూరున స్థాపింపబడిన కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ ఇట్టి పరీక్షలు చేయుచున్నది. తాళగల శక్తికి అంకె యనునది ఇట్లు పరీక్షనుండి పుట్టినదే గాని, కాగితము మీద పుట్టినది కాదు.

ఇక బాలానగర్ మాట. 1960ల దశకమున ఈ ప్రాంతము రూపు మారెను. విమానముల ఎలక్ట్రానిక్ పరికరములు చేయు హిందూస్థాన్ ఏరోనాటిక్సువారి కర్మాగారము ఇచ్చట వెలసెను. సోవియట్ సహాయముతో ఐ.డి.పి.ఎల్. ఔషధ కర్మాగారము వచ్చెను. దానిలో నేడు ఉత్పత్తి లేదు. 1968లో పనిముట్ల రూపకల్పన నేర్పు కేంద్ర సంస్థ, సి.ఐ.టి.డి., స్థాపితమయ్యెను. వీని చుట్టును చిన్న చిన్న వర్కుషాపులు మఱ్ఱిక్రింద ఊడలవలె దిగినవి. వీనికి వలయు విద్యుత్తును అందించు వ్యవస్థయు పెరిగెను. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడెను. హుసేన్ సాగరు కేంద్రము పెరిగి పెరిగి చేరిన శక్తి 22.5 మెగావాట్లు, ఆ కేంద్రము నేడు లేదు. 1983లో మొదలైన రామగుండము ఎన్.టి.పి.సి. కేంద్రము క్రమముగా 2,600 మెగావాట్లకు చేరెను. కాకతీయుల నాటి గొలుసు చెరువులవలె కేంద్రములన్నియు తీగలచే నొకటియైనవి. ఒక చెరువు ఎండినను మరియొకటి ఆదుకొనును, నిజమే. కాని గండి పడినచో వెనుకనుండు నీరు ఇదివరకటి నీరు కాదు.

దీనిని అంకెలలో చూపెదను. మన పొలముల గట్టున నిలిచియుండు 25 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు నిత్యము మోయగల ప్రవాహము సుమారు 33 ఆంపియర్లు. దాని మొదటనే షార్టు సర్క్యూటు జరిగినచో పారునది సుమారు 740 ఆంపియర్లు. కర్మాగారమునకు పెట్టు 500 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు నిత్యము మోయునది 667 ఆంపియర్లు. షార్టు సర్క్యూటున ఇచ్చునది సుమారు 14,800. 1,000 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు నిత్యము మోయునది 1,333. షార్టు సర్క్యూటున ఇచ్చునది సుమారు 26,700 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మరు లోపలి అవరోధమును మొదటి రెండింటికి నూటికి నాలుగున్నర, మూడవదానికి ఐదు చొప్పున తీసికొని వేసిన లెక్క యిది.

ఒక వర్కుషాపు యజమాని 500 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకొని, 16,000 ఆంపియర్లు తాళగల ప్యానెల్ బోర్డు చేయించుకొనెననుకొనుడు. పలకయు నిజము, పేటికయు క్షేమము. పదియేండ్లకు వ్యాపారము వృద్ధిపొంది, ఆయన 1,000 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరును తెచ్చి నిలిపెను. పేటికలో ఒక్క మరయైన మార్చలేదు. పలకమీది అంకెయు మారలేదు. అయినను ఆ దినమునుండి ఆ పేటిక క్షేమము కాదు. రాగి కడ్డీలమధ్య పుట్టు వేడిమియు, కడ్డీలను విడదీయు బలమును ప్రవాహముయొక్క వర్గమునుబట్టి పెరుగును. ప్రవాహము దాదాపు రెండింతలైనచో అవి మూడింతలకు మించును. బ్రేకరు తెంపలేకపోయినచో కడ్డీలమధ్య విద్యుజ్జ్వాల లేచి, రాగి ఆవిరియై, తలుపు ఊడి ఎదుటనున్నవాని మీద పడును. తీగను తాకకయే ఈ జ్వాలవలన మనుష్యుడు కాలిపోవునని 1982లో రాల్ఫ్ లీ అను అమెరికా ఇంజనీరు లెక్కలతో నిరూపించెను. యజమాని చేసినది దుర్మార్గము కాదు, అభివృద్ధియే. ప్రమాదము ఆ అభివృద్ధిలో నుండియే వచ్చెను.

ఇట్టి పలకల విషయమున అమెరికావారు ముందుగా కఠినులైరి. 1893 నాటి చికాగో ప్రదర్శనమున విద్యుద్దీపముల వలన కలుగు అగ్నిభయమును పరిశీలించిన విలియం మెర్రిల్, 1894లో యు.ఎల్. అను పరీక్షాసంస్థకు పునాది వేసెను. ప్రతి పారిశ్రామిక ప్యానెల్ బోర్డు మీదను, అది తాళగల షార్టు సర్క్యూటు ప్రవాహమును వ్రాయవలెనని ఆ దేశపు జాతీయ విద్యుత్ నియమావళి 2005 ప్రతియందు విధించిరి. ఆ అంకెను నిర్ణయించు పద్ధతి మన పెద్దలకు నచ్చునట్టిది. కట్టకు గండి బలహీనమైన చోటనే పడునుగదా! కావున సామాన్యముగా పేటికలోని భాగములన్నిటిలో తక్కువ తాళునది యేదియో దాని అంకెయే పేటిక అంకె. బ్రేకరు 25,000 ఆంపియర్లు తెంపగలదైనను, దాని వెనుకనున్న కంటాక్టరు 5,000 మాత్రమే తాళునదై, రెండింటిని కలిపి పరీక్షించి యుండనిచో, పేటిక మీద 5,000 అనియే వ్రాయవలెను. అంతటితో ఆగక, వచ్చి చేరగల ప్రవాహమును లెక్కించి, లెక్క వేసిన తేదీతోగూడ తెలుపు నియమమును 2011లో విద్యుత్తు ప్రవేశించు చోటులకును, 2017లో ప్యానెల్ బోర్డులకును తెచ్చిరి. నా అభిప్రాయమున ఈ తేదీయే అన్నిటికంటె గొప్ప మెట్టు. ఆ లెక్క ఒక దినమునకు చెందినదేయని అది ఒప్పుకొనుచున్నది.

మన దేశమున 1993లో ఐ.ఎస్. 8623 అను ప్రమాణమును, తరువాత ఐ.ఎస్./ఐ.ఇ.సి. 61439 అను ప్రమాణమును వచ్చినవి. పరీక్షల విషయమున ఇవి ఎంతమాత్రము తక్కువవి కావు. అయితే ఈ రెండవ ప్రమాణము ప్రకారము పలకమీద తప్పక ఉండవలసినవి చేసినవారి పేరు, పేటిక గుర్తు, చేసిన కాలము తెలియు విధము, ప్రమాణపు సంఖ్య మాత్రమే. తాళగల ప్రవాహము అంకెను పేటికతో ఇచ్చు పత్రములలో తెలిపిన చాలును. పలక తలుపుమీద ఉండును. పత్రము యజమాని బల్లసొరుగులో ఉండును. రాత్రి పాళీలో ఫ్యూజు మార్చు కుర్రవానికి సొరుగు తాళపుచెవి ఎవరిత్తురు?

భాష మాట చెప్పి ముగించెదను. 1956 నాటి భారత విద్యుత్ నియమములలో ఒక మంచి నిబంధన యుండెను. అపాయ సూచికను హిందీలోగాని ఇంగ్లీషులోగాని వ్రాసి, దానితోబాటు జిల్లా భాషయందును వ్రాసి, పుఱ్ఱె ఎముకల గుర్తు వేయవలెనని అది విధించెను. 2010 నాటి నియమములలోను అది నిలిచెను. మన ఊరి ట్రాన్స్‌ఫార్మరు గద్దెమీద "అపాయము" అని తెలుగు అక్షరములు కనబడుట ఆ నిబంధన ఫలమే. పుఱ్ఱెకు తెలుగు వచ్చినది. కాని నేను చూచిన ప్యానెల్ బోర్డులలో తాళగల అంకెకు తెలుగు రాలేదు. కొన్నిటిపై ఆ అంకెయే లేదు. అపాయమున్నదని చెప్పుట సగము మేలు. ఎంతవరకు తాళునో చెప్పుట తక్కిన సగము.

మన బిడ్డలు సెలవులకు ఇంటికి వచ్చినపుడు పెద్దలు వారిని మూడు మాటలు అడుగవలెనని నా మనవి. నీవు పనిచేయు పేటిక ఎంత తాళును? దానికి వచ్చి చేరగల ప్రవాహము ఎంత? ఆ లెక్క వేసినది ఏ సంవత్సరమున, దాని తరువాత ట్రాన్స్‌ఫార్మరు మారినదా? బిడ్డకు జవాబు తెలియకపోవచ్చును. అతడు తిరిగి పోయి ఫోర్‌మనును అడుగును. ఫోర్‌మను యజమానిని అడుగును. సొరుగులోని పత్రము ఒక్కసారియైన వెలికి వచ్చును. చెరువు కట్టను ఏటేట వానలకు ముందు నడచి చూచిన వంశములు మనవి. ఆ అలవాటునే ఇనుప బీరువా దగ్గరకు గొనిపోవుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.