ఇంటి వాడకానికి జ్యూసరా, బ్లెండరా?

పండ్ల నుండి పానీయాన్ని సిద్ధం చేసే గృహోపకరణాలు ప్రధానంగా రెండు విధాలు. పండులోని రసాన్ని పిప్పి నుండి వేరుచేసి ఇచ్చేది జ్యూసరు. పండును పీచుతో సహా మెత్తగా నలిపి గుజ్జుగా మార్చేది బ్లెండరు. తెలుగు ఇళ్లలో బ్లెండరు అన్న పేరు అంతగా వినిపించదు గాని, ఆ పని మిక్సీ జారు ఏనాటి నుండో చేస్తూనే ఉన్నది. కావున మన కుటుంబాలకు ఈ ప్రశ్న, మిక్సీ ఉండగా జ్యూసరు కూడా అవసరమా అన్న రూపంలోనే ఎదురవుతుంది.

బ్లెండరు అమెరికాలో పుట్టినది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని రేసీన్ పట్టణానికి చెందిన స్టీఫెన్ పొప్లావ్‌స్కీ 1922లో పాత్ర అడుగున తిరిగే రెక్కలను అమర్చి, పాల పానీయాలను కలిపే యంత్రాన్ని రూపొందించాడు. అటువంటి సున్నితమైన యంత్రం మన మినప్పప్పును, ఎండుమిరపకాయలను, పచ్చికొబ్బరిని తట్టుకోగలిగినది కాదు. 1960వ దశకంలో మన దేశంలోనే తయారైన సుమీత్ వంటి మిక్సీలు ఆ కొరతను తీర్చాయి. నేటి మిక్సీలలో సాధారణంగా 500 నుండి 750 వాట్ల మోటారు ఉంటుంది. పచ్చడి నూరగల ఈ యంత్రానికి పండిన మామిడి ఒక లెక్కలోనిది కాదు.

జ్యూసర్లలో మరల రెండు రకాలు. మొదటి దానిలో పదునైన పళ్లెం నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ పండును తురుముతుంది. ఆ వేగానికే రసం జల్లెడ గుండా బయటకు చిమ్ముతుంది. జ్యూసర్ మిక్సర్ గ్రైండర్ పేరిట అమ్మే యంత్రాలలో ఉండేది ఇదే. రెండవది నెమ్మదిగా తిరిగే మర వంటి కడ్డీతో పండును ఒత్తి పిండే కోల్డ్ ప్రెస్ జ్యూసరు. ఇది నిమిషానికి వంద చుట్లలోపే తిరుగుతుంది. చప్పుడు తక్కువ, పిప్పి పొడిగా వస్తుంది, రసం త్వరగా రంగు మారదు. వెల మాత్రం మామూలు మిక్సీకి కొన్ని రెట్లు ఉంటుంది. పోషకాలు ఎన్నో రెట్లు అధికమన్న అమ్మకందారుల మాటకు అంత విలువ ఇవ్వనక్కరలేదు. పీచు పోవడమన్నది రెండింటిలోనూ ఒక్కటే.

ఏ యంత్రం తగినదో తేల్చడానికి ఇంటికి తరచుగా వచ్చే పండు ఏదో చూసుకోవడం ఉత్తమం. కృష్ణగిరి, హోసూరు ప్రాంతాల వారికి మామిడి, యానాం వారికి గోదావరి డెల్టా అరటి సులభంగా దొరుకుతాయి. ఈ రెండూ, వీటితోపాటు సపోటా, బొప్పాయి, జ్యూసరుకు లొంగేవి కావు. గుజ్జు జల్లెడను మూసివేస్తుందే తప్ప రసం దిగదు. వీటికి మిక్సీయే గతి. పర్లాకిమిడికి చేరువలోని సీతంపేట మన్యపు అనాస పీచుగల పండు గనుక జ్యూసరులో చక్కగా దిగుతుంది. మిక్సీలో వేసి వడకట్టినా నష్టం లేదు. షోలాపూరు తెలుగువారి ముంగిట ఉన్న దానిమ్మకు కొంచెం నేర్పు కావాలి. గింజలను మిక్సీలో క్షణం చొప్పున రెండు మూడు మార్లు మాత్రమే తిప్పి వడకట్టాలి. అంతకు మించి తిప్పితే లోపలి గట్టి విత్తు నలిగి వగరు దిగుతుంది.

నాగపూరు కమలాలు, అనంతపురం చీనీకాయలు (కోస్తావారి బత్తాయి, మరాఠీ, కన్నడ ప్రాంతాలవారి మోసంబి) వేరే కోవకు చెందినవి. వీటిని గింజలతో మిక్సీలో వేయడం పొరపాటు. గింజలు, తెల్లని లోపొర నలిగితే లిమోనిన్ అనే చేదు పదార్థం రసంలో ఏర్పడుతుంది. తీసినప్పుడు తీయగా ఉన్న రసం కొంతసేపటికి చేదెక్కడానికి కారణం ఇదే. అయితే ఈ పండ్ల కోసం విద్యుత్ జ్యూసరు కొనవలసిన పని లేదు. సగానికి కోసి చేతితో ఒత్తి పిండే చిన్న పరికరం చాలు. కరెంటు లేని వేళ కూడా అది పనిచేస్తుంది. ఇక మిగిలినవి క్యారెట్, బీట్‌రూట్, ఆపిల్ వంటి గట్టివి. జ్యూసరు ప్రయోజకత్వం నిజంగా కనిపించేది వీటి విషయంలోనే.

రుచి కన్నా ముఖ్యంగా ఆలోచించవలసినది తాగేవారి ఆరోగ్యం. ఒక గ్లాసు కమలారసానికి మూడు నాలుగు పండ్లు పడతాయి. 100 మిల్లీలీటర్ల రసంలో ఇంచుమించు 8 గ్రాముల చక్కెరలు ఉంటాయి గనుక, 250 మిల్లీలీటర్ల గ్లాసుతో 20 గ్రాములు లోనికి పోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో వెలువరించిన మార్గదర్శకాలు పండ్లరసంలోని చక్కెరను కూడా విడి చక్కెరల కిందనే లెక్కించాయి. రోజుకు 2000 కెలోరీలు తీసుకొనే వ్యక్తికి ఆ లెక్కన 50 గ్రాములు గరిష్ఠ పరిమితి. 25 గ్రాములకు లోబడితే మరింత మేలు. 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురితమైన హార్వర్డ్ పరిశోధకుల అధ్యయనంలో, ద్రాక్ష, ఆపిల్ వంటి పండ్లను పండుగా తిన్నవారిలో మధుమేహం తక్కువగానూ, రసం ఎక్కువగా తాగినవారిలో ఎక్కువగానూ కనిపించింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలూ రసం కన్నా పండే మేలని చెబుతున్నాయి.

మిక్సీ గుజ్జులో పీచు నిలిచి ఉండడం కొంత మేలే. కాని అక్కడా నమలడం ఉండదు. ఒక్క మామిడి పండుతో తృప్తి చెందే మనిషి, పాలు, పంచదార కలిపిన రెండు పండ్ల గుజ్జును సునాయాసంగా తాగివేస్తాడు. మధుమేహం ఉన్న పెద్దవారి కోసమే జ్యూసరు కొంటున్న పిల్లలు ఈ సంగతిని ముందుగా గ్రహించాలి. రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోయిన వేళ మాత్రం పీచులేని రసం అర గ్లాసు త్వరగా ఆదుకుంటుంది. పళ్లు లేక నమలలేని వృద్ధులకు గుజ్జు అనుకూలం. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు పొటాషియం దృష్ట్యానూ, రాళ్ల బాధ ఉన్నవారు బీట్‌రూట్, పాలకూర రసాల విషయంలోనూ వైద్యుని అడగనిదే ఏ యంత్రపు పానీయమూ తాగరాదు.

జ్యూసరు కొన్నవారిలో అనేకులు కూరగాయల రసాలకు అలవాటు పడతారు. వాటిలో సొరకాయ, అనగా ఉత్తర కోస్తావారి ఆనపకాయ, విషయంలో ఒక హెచ్చరిక తప్పనిసరి. చేదు సొరకాయలో కుకుర్బిటాసిన్ అనే విషపదార్థాలు ఉంటాయి. 2010లో ఢిల్లీలో చేదు సొరకాయ రసం తాగిన ఒక శాస్త్రవేత్త మరణించిన పిదప, భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని నియమించింది. రసం తీయడానికి ముందు చిన్న ముక్క రుచి చూడాలనీ, చేదుగా ఉంటే కాయను పారవేయాలనీ, ఈ రసాన్ని ఇతర రసాలతో కలపరాదనీ ఆ సంఘం సూచించింది. వేరే రసం కలిస్తే చేదు తెలియకుండా పోవడమే అసలు ప్రమాదం. కూరగా వండినప్పుడు చేదు ముక్క నోటికి తగలగానే వదిలివేస్తాము; చేదు రసాన్ని మాత్రం మందు అనుకొని కళ్లు మూసుకొని మింగుతాము. తాగిన తరువాత వాంతులు, కడుపునొప్పి మొదలైతే వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

ఇక కొనుగోలు విషయం. జ్యూసరు జల్లెడను వాడిన వెంటనే బ్రష్షుతో కడగకపోతే పిప్పి ఎండి రంధ్రాలు మూసుకుంటాయి. చాలా ఇళ్లలో జ్యూసరు అటకెక్కడానికి ఈ కడుగుడు శ్రమే కారణమని నా అభిప్రాయం. మిక్సీ బ్లేడు, రబ్బరు వాషరు చిన్న పట్టణంలోనూ దొరుకుతాయి. జ్యూసరు జల్లెడ విరిగితే జిల్లా కేంద్రానికి వెళ్లవలసి రావచ్చు. దుకాణదారుని ఈ సంగతి ముందే అడగడం మంచిది. మిక్సీకి ఐ.ఎస్. 4250 ప్రమాణం ఉన్నది గనుక ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి తీసుకోవాలి.

మిక్సీ చక్కగా పనిచేస్తున్న ఇంట, వారానికి రెండు మూడు నాళ్లైనా క్యారెట్, ఆపిల్ రసం తీసే అలవాటు లేనప్పుడు, జ్యూసరు దండుగ. పాత మిక్సీ మార్చవలసిన తరుణం వచ్చి, అటువంటి అలవాటూ ఉంటే, జ్యూసర్ మిక్సర్ గ్రైండర్ తీసుకోవచ్చు. అప్పుడు కూడా గ్రైండరు జారు పనితనాన్నే ముందుగా చూడాలి. ఇంట్లో నిత్యం తిరిగేది అదే.