పిల్లలకు చెప్పాల్సిన విమానం కథ



విమానం చప్పుడు వినగానే పిల్లలు వాకిట్లోకి ఉరుకుతారు. "అమ్మా, దాన్ని ఎవరు చేసిండ్రు?" అని అడుగుతారు. "రైట్ సోదరులు" అని ఒక్కమాటలో చెబితే పిల్లవాడికి పేరొక్కటే దక్కుతుంది. అసలు కథ ఇంకా ముందు నుంచే ఉంది.

పాత ఆదిలాబాద్ జిల్లాలోని కాగజ్‌నగర్ కాగితానికి పేరుపడిన ఊరు కదా! ఫ్రాన్సులో మాంట్‌గోల్ఫియర్ అన్నదమ్ములదీ కాగితం చేసే కుటుంబమే. పొగ, వేడిగాలి పైకి పోవడం చూసి, బట్టతో, కాగితంతో పెద్ద బుడగ చేశారు. 1783 సెప్టెంబరు 19న ఒక గొర్రెను, బాతును, కోడిపుంజును దానిలో పంపిస్తే క్షేమంగా దిగాయి. నవంబరు 21న మనుషులే ఎక్కారు. చిన్నపిల్లలకు ఇక్కడినుంచే మొదలుపెట్టండి. గొర్రె, కోడి వాళ్లకు తెలిసినవే.

రైట్ సోదరులు అమెరికాలో సైకిళ్ల దుకాణం నడిపేవారు. 1899లో వాళ్లు మొదట ఎగరేసింది ఒక పతంగి! దాని రెక్కలను మెలితిప్పి, ఎటు ఒరుగుతుందో చూశారు. తర్వాత ఇంజను లేని గ్లైడర్లు చేశారు. 1901లో చేసిన గ్లైడరు అనుకున్నట్టు లేవలేదు. అయినా వదలలేదు. ఒక పెట్టెలో గాలి వీచేట్టు చేసి, సుమారు 200 చిన్న రెక్కలను పరీక్షించారు. 1903 డిసెంబరు 17న ఇంజనుతో ఎగిరారు. మొదటిసారి 12 సెకన్లు, 120 అడుగులు. పిల్లలతో పన్నెండు లెక్కపెట్టించండి, ఇంతేనా అని నవ్వుతారు. ఆ రోజే నాలుగోసారి 59 సెకన్లు, 852 అడుగులు పోయారని అప్పుడు చెప్పండి.

ఇదంతా దూరదేశాల ముచ్చటే కాదు. అప్పటి కరీంనగర్ జిల్లా బసంత్‌నగర్‌లో 1980లలో వాయుదూత్ చిన్న విమానాలు దిగేవి. అంతకు చాలా ముందే, 1947లో, ప్రేమ్ మాథుర్ అనే యువతి విమానం నడిపే కమర్షియల్ లైసెన్సు తీసుకున్నది. ఆడమనిషి నడిపితే ఎవరెక్కుతారని ఎనిమిది కంపెనీలు కాదన్నాయి. చివరకు ఉద్యోగమిచ్చింది మన హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్. 1949లో ఆమె జాతీయ విమాన పందెం కూడా గెలిచింది.

ఈ సంగతి ఆడపిల్లలకు తప్పక చెప్పాలి. కొడుక్కి విమానం బొమ్మ, బిడ్డకు లక్కపిడతలు కొనే అలవాటు ఇంకా ఎన్నో ఇళ్లలో ఉంది. సంక్రాంతికి పతంగి ఎగరేసేది అన్న, చరఖా పట్టుకునేది చెల్లె! ఈసారి దారం చెల్లె చేతికివ్వండి. గాలికి పతంగి ఎట్లా లేస్తుందో ఆ పిల్లనే చూడనివ్వండి.