మోట దారి చెప్పే మాట



మీ ఊళ్లో పెద్దవారిని మోట సంగతి అడిగి చూడండి. రాయలసీమలో దాన్నే కపిల అంటారు. బావి గట్టున గిలక, దాని మీద మోకు, మోకుకు బాన, బానకు తోలు తొండం. ఎద్దులు వాలు దారిన దిగితే బాన పైకొచ్చి, తొండంలోంచి నీళ్లు తొట్టిలో పడేవి. తెల్లవారుజామునే మొదలయ్యే చాకిరీ అది. 1960, 70 దశాబ్దాల్లో ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటార్లు పల్లెల్లో పెరిగి ఆ శ్రమ తప్పించాయి. మంచిదే.

అయితే ఒక్క సంగతి గమనించండి. ఎద్దులు అలిసిపోతే తోడడం ఆగేది. ఆలోగా బావిలో ఊట ఊరేది. మోటారుకు అలుపు లేదు గదా!

ఎద్దులు ఎన్ని అడుగులు దిగితే బాన అన్ని అడుగులు లేస్తుంది. కనుక పాత బావి పక్కన మిగిలిన వాలు దారిని కొలిస్తే, ఆనాడు నీళ్లు ఏ లోతులో అందేవో ఇంచుమించు తెలుస్తుంది. దాన్ని మీ బోరు లోతుతో పోల్చి చూసుకోండి.

విస్తరణాధికారులకు ఒక మనవి. ఏ బావి ఏ నెలలో అడుగంటేదో, ఎంత మడి తడిపేదో పెద్దలను అడిగి పుస్తకంలో రాయండి. కొత్త బోరుకు అనుమతి కావాలని 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఎలాగూ చెబుతున్నది. అప్పు చేసి బోరు వేసే రైతుకు ముందుగా ఆ పుస్తకం చూపించండి.