మసీదు భూమి లెక్క ఎక్కడ దొరుకుతుంది? సమాచార హక్కుతో ఇలా అడగండి

కృష్ణపట్నం పోర్టు వచ్చాక నెల్లూరు తీరంలో భూముల ధరలు బాగా పెరిగాయి. పెద్దలు మసీదుకో, దర్గాకో, ఖబరస్తాన్‌కో వక్ఫ్ చేసిన భూమి ఎంత, కౌలు ఎవరు కడుతున్నారు అనే ప్రశ్నలకు జవాబు సర్కారు కాగితాల్లోనే ఉంది.

ఏ కాగితం ఎక్కడ?

వక్ఫ్ ఆస్తుల జాబితా గెజిట్‌లో అచ్చవుతుంది. 1995 వక్ఫ్ చట్టం ప్రకారం రాష్ట్ర వక్ఫ్ బోర్డు ఆస్తుల రిజిస్టరు ఉంచాలి. ముతవల్లీలు ఏటా జమాఖర్చులు బోర్డుకు పంపాలి. అడంగల్, 1-బి వివరాలు తహసీల్దార్ ఆఫీసులో, రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూడాలి. ప్లాటు కొనేవాళ్లు కూడా ముందుగా ఈ జాబితా చూసుకోవడం మంచిది.

ఎలా అడగాలి?

2005 సమాచార హక్కు చట్టం వక్ఫ్ బోర్డుకూ వర్తిస్తుంది. కమిటీవాళ్లు లెక్క చూపించకపోతే, వాళ్లు బోర్డుకు పంపిన లెక్కల నకలు బోర్డు సమాచార అధికారినే అడగొచ్చు. తెలుగులో రాస్తే చాలు. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. ఫీజు గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో రూ.5, ఆపైన రూ.10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఉచితం.

"అవినీతి జరిగిందా?" అని అడిగితే జవాబు రాదు. "ఫలానా సర్వే నంబరు కౌలు ఒప్పందం నకలు, గత మూడేళ్ల కౌలు రసీదుల నకళ్లు ఇవ్వండి" అని కాగితం పేరు పెట్టి అడగాలి.

జవాబు రాకపోతే?

గడువు 30 రోజులు. దాటితే మరో 30 రోజుల్లోగా అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు చేయాలి. అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లాలి. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు రూ.250 చొప్పున, గరిష్ఠంగా రూ.25,000 జరిమానా వేయగలదు.

ఇప్పుడే ఎందుకు?

ఇదివరకు ఆక్రమణలో ఉన్న వక్ఫ్ భూమి కోసం ఎన్నేళ్ల తర్వాతైనా కేసు వేసే వీలుండేది. 2025 సవరణ ఆ మినహాయింపు తీసేసింది. ఇకపై కాలపరిమితి చట్టం వక్ఫ్ భూములకూ వర్తిస్తుంది. అంటే గడువు దాటాక కాగితం దొరికినా కోర్టులో అది అక్కరకు రాకపోవచ్చు. కాబట్టి ప్రతి జమాత్ తన మసీదు సర్వే నంబర్లు, గెజిట్ నకలు ఇప్పుడే తెప్పించి ఫైలులో భద్రం చేసుకోవాలి.